గేటు లోపలి లెక్క, పొలంలోని లెక్క: కృష్ణా డెల్టా చెరకు ప్రాంతంలో వ్యవసాయ సంస్థల పర్యావరణ సుస్థిరత

కూచిపూడి పేరు వినగానే ఎవరికైనా నాట్యం గుర్తుకు వస్తుంది. కృష్ణా జిల్లా మొవ్వ మండలంలోని ఈ గ్రామం పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే దారిలో, కృష్ణా తూర్పు డెల్టా సారవంతమైన నేలల మధ్య ఉంది. దీనికి వాయవ్యాన ఉయ్యూరు, దక్షిణాన చల్లపల్లి సమీపంలోని లక్ష్మీపురం చక్కెర కర్మాగారాలతో పేరుపడిన ఊళ్లు. వరి, చెరకు, మినుము, పసుపు, అరటి పండే ఈ ప్రాంతంలో వ్యవసాయానికీ పరిశ్రమకూ మధ్య బంధం మూడు తరాలకు పైబడినది. ఒక వ్యవసాయ సంస్థ పర్యావరణ సుస్థిరత వైపు ఎలా నడవగలదు అనే ప్రశ్నను పరిశీలించడానికి ఇంతకంటె అనువైన ప్రాంతం అరుదు.

సాధారణంగా ఒక సంస్థ పర్యావరణ బాధ్యత అనగానే పొగగొట్టం, మురుగునీటి శుద్ధి, ఆవరణలో మొక్కల పెంపకం చర్చకు వస్తాయి. ఇవి అవసరమే. అయితే ముడిసరుకును రైతుల నుంచి కొనే సంస్థ విషయంలో నీటి వినియోగం, నత్రజని నష్టం, పంట వ్యర్థాల దహనం, పురుగుమందుల భారం చాలా వరకు సంస్థ ప్రహరీ వెలుపల, రైతు పొలంలోనే జరుగుతాయి. కనుక గేటు లోపలి లెక్క సరిచూసుకున్నంత మాత్రాన సంస్థ సుస్థిరమైందని చెప్పలేము. పొలంలోని లెక్కను కూడా తనదిగా భావించి, ఆ మార్పుకు అయ్యే ఖర్చులో పాలు పంచుకున్నప్పుడే సుస్థిరత అన్న మాటకు అర్థం ఉంటుంది.

నేపథ్యం

కృష్ణా నదిపై విజయవాడ వద్ద ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి 1957లో అందుబాటులోకి వచ్చింది. ఈ కాలువల కింద సుమారు 13 లక్షల ఎకరాల డెల్టా ఆయకట్టు స్థిరపడింది. ఈ నీటి భరోసాపైనే చెరకు, దాని వెంట చక్కెర పరిశ్రమ విస్తరించాయి. ఐ.సి.ఎస్. అధికారిగా పనిచేసిన వెలగపూడి రామకృష్ణ 1941లో కె.సి.పి. సంస్థను నెలకొల్పారు. ఉయ్యూరు చక్కెర కర్మాగారం ఆ సంస్థ ద్వారానే ఎదిగింది. చెరకు రకాల రూపకల్పనకు ఉయ్యూరులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయపు చెరకు పరిశోధనా స్థానం, పప్పుధాన్యాలకు ఘంటసాలలో వ్యవసాయ పరిశోధనా స్థానం ఈ ప్రాంత రైతులకు సమీపంలోనే ఉన్నాయి. పరిశ్రమ, పరిశోధన, రైతు ఒకే కాలువ నీటి పరిధిలో ఉండటం ఈ ప్రాంతపు విశేషం.

గేటు లోపల: వ్యర్థం వనరుగా మారే తీరు

చక్కెర కర్మాగారంలో ఏదీ సహజంగా వ్యర్థం కాదు. 100 టన్నుల చెరకు గానుగాడితే రికవరీని బట్టి సుమారు 10 టన్నుల చక్కెర, 50 శాతం తేమ గల పిప్పి సుమారు 30 టన్నులు, మొలాసిస్ 4 నుంచి 4.5 టన్నులు, ఫిల్టరు మడ్డి 3 నుంచి 4 టన్నులు లభిస్తాయి. మిగిలిన దానిలో అధిక భాగం నీరే. చెరకు గడ బరువులో దాదాపు 70 శాతం నీరు ఉంటుంది. రసాన్ని మరిగించినప్పుడు వచ్చే ఆవిరిని చల్లబరచి తిరిగి వాడుకుంటే బయటి నుంచి తీసుకొనే మంచినీటి అవసరం బాగా తగ్గుతుంది. 2016లో సవరించిన కేంద్ర పర్యావరణ నిబంధనల ప్రకారం శుద్ధి చేసిన వ్యర్థజలం టన్ను చెరకుకు 200 లీటర్లకు మించి బయటకు విడువరాదు.

పిప్పిని బాయిలరులో మండించి ఆవిరి, విద్యుత్తు తయారు చేసుకోవడం పాత పద్ధతే. అధిక పీడన బాయిలర్లు అమర్చుకుంటే అదే పిప్పి నుంచి అదనపు విద్యుత్తు లభించి, మిగులును గ్రిడ్‌కు ఇవ్వవచ్చు. పిప్పిలోని కర్బనం పంట గాలి నుంచి గ్రహించినదే కాబట్టి బొగ్గుతో పోలిస్తే ఇది మేలైన ఇంధనం. అయితే బాయిలరు నుంచి వెలువడే బూడిద రేణువులను అదుపు చేసే పరికరాలు సక్రమంగా పనిచేయకపోతే పరిసర గ్రామాల ఇళ్లపై, పంటలపై మసి పడుతుంది. పునరుత్పాదక ఇంధనం అనే పేరు ఆ నష్టాన్ని మాఫీ చేయదు.

ఫిల్టరు మడ్డి విలువైన సేంద్రియ ఎరువు. ఇందులో నత్రజని, భాస్వరం, సున్నం, సేంద్రియ కర్బనం ఉంటాయి. కర్మాగారంలో రసాన్ని శుద్ధి చేసే పద్ధతిని బట్టి దీని స్వభావం మారుతుంది. గంధక పద్ధతిలో వచ్చిన మడ్డి డెల్టాలోని క్షార స్వభావం గల బరువు నేలలకు అనుకూలం. కార్బనేషన్ పద్ధతిలో వచ్చిన మడ్డిలో సున్నం అధికంగా ఉండటం వల్ల అది ఆమ్ల నేలలకే తగినది. తాజా మడ్డిలో మైనపు పదార్థం, వేడి ఉంటాయి కనుక దానిని కుళ్ళబెట్టిన తరువాతే పొలానికి వేయాలి.

అన్నింటికంటె జాగ్రత్త అవసరమైనది డిస్టిలరీ నుంచి వచ్చే స్పెంట్ వాష్. మొలాసిస్ నుంచి ఒక లీటరు ఆల్కహాల్ తయారైతే సుమారు 8 నుంచి 15 లీటర్ల స్పెంట్ వాష్ మిగులుతుంది. దీని జీవరసాయన ఆక్సిజన్ అవసరం లీటరుకు 40,000 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. ఇళ్ల మురుగునీటిలో ఇది కొన్ని వందల మిల్లీగ్రాములు మాత్రమే. భూగర్భ జలం తక్కువ లోతులో ఉండే డెల్టాలో, డ్రెయిన్ల నీటిపై చేపలు, రొయ్యల చెరువులు ఆధారపడే చోట దీనిని నిర్లక్ష్యం చేస్తే నష్టం కర్మాగారంతో ఆగదు. మడ్డితో కలిపి కంపోస్టు చేసే యార్డులకు నీరు ఇంకని గచ్చు, వాన నీటిని వేరుచేసే కాలువలు తప్పనిసరి.

ఇదే స్పెంట్ వాష్‌లో పొటాష్ సమృద్ధిగా ఉంటుంది. దానిని చిక్కబరచి బాయిలరులో మండిస్తే వచ్చే బూడిద నుంచి తయారయ్యే మొలాసిస్ పొటాష్‌ను కేంద్ర ప్రభుత్వం 2021లో పోషకాధారిత సబ్సిడీ పరిధిలోకి తెచ్చింది. ఇందులో పొటాష్ 14.5 శాతం. పొటాష్ ఎరువుకు దాదాపు పూర్తిగా దిగుమతులపై ఆధారపడిన దేశంలో చెరకు నేల నుంచి తీసుకున్న పోషకం తిరిగి నేలకు చేరడం చిన్న విషయం కాదు. పులియబెట్టే దశలో ఆల్కహాల్‌తో దాదాపు సమాన బరువులో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పట్టి శుద్ధి చేసి అమ్మవచ్చు. చక్కెరతో పాటు స్పిరిట్, ఇథనాల్, విద్యుత్తు, సేంద్రియ ఎరువు, మైకోరైజా, కాల్షియం లాక్టేట్, కార్బన్ డయాక్సైడ్ వంటి ఉత్పత్తులు ఉయ్యూరు కేంద్రంగా ఎదిగిన సంస్థ వ్యాపార వివరాలలో కనిపించడం ఈ దిశకు ఉదాహరణ.

గేటు లోపలి ఈ మార్పులకు ఒక సౌలభ్యం ఉంది. పెట్టుబడి పెట్టేది సంస్థే, దాని ఫలితం పొందేదీ సంస్థే. అసలు చిక్కు గేటు దాటిన తరువాత మొదలవుతుంది.

గేటు వెలుపల: మొదటి ఏడాది ఖర్చు ఎవరిది?

చెరకు నరికిన తరువాత హెక్టారుకు 8 నుంచి 10 టన్నుల ఎండుటాకు చెత్త పొలంలో మిగులుతుంది. కార్శి తోటను త్వరగా సిద్ధం చేయడానికి చాలా చోట్ల రైతులు దీనిని తగులబెడతారు. దీనిని అజ్ఞానంగా చూడటం సరికాదు. మోళ్లు చెక్కడానికి, బోదెలు సరిచేయడానికి, నీరు పారడానికి చెత్త అడ్డు. ఎలుకలు, పాములు చేరతాయనే భయం ఉంది. కూలీల కొరత మరొక కారణం. అగ్గిపుల్లకు ఖర్చు లేదు. చెత్తను వరుసల మధ్య సర్దడానికి కూలి ఖర్చు ఉంది.

శాస్త్రీయంగా చూస్తే నష్టం స్పష్టం. చెత్తలో నత్రజని 0.35 శాతంగా లెక్కించినా, ఎకరాకు 4 టన్నుల చెత్తలో 14 కిలోల నత్రజని ఉంటుంది. ఇది సుమారు 30 కిలోల యూరియాతో సమానం. మంట పెడితే సేంద్రియ కర్బనం, నత్రజని దాదాపు పూర్తిగా గాలిలో కలుస్తాయి. పొటాష్, భాస్వరం బూడిదలో మిగిలినా గాలికీ నీటికీ కొంత కొట్టుకుపోతాయి. చెత్తను కప్పితే తేమ నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. మొక్క తోటలో నాటిన మూడో రోజున హెక్టారుకు 3 టన్నుల చెత్త కప్పితే పీక పురుగు ఉధృతి కూడా తగ్గుతుందని ఈ ప్రాంత శాస్త్రవేత్తలు చాలా కాలంగా సిఫారసు చేస్తున్నారు.

అయినా ఈ సిఫారసు పొలంలో ఎందుకు నిలవడం లేదు? చెత్తలో కర్బనం నిష్పత్తి ఎక్కువ. అది కుళ్ళే తొలి వారాలలో సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే వాడుకుంటాయి. ఆ సమయంలో కార్శి పిలకలు పసుపు రంగుకు తిరగవచ్చు. దీనిని నివారించడానికి అదనంగా కొంత యూరియా, పేడ ద్రావణం లేదా కుళ్ళబెట్టే శిలీంధ్రాలు వేయాలి. అంటే మొదటి ఏడాది ఖర్చు పెరుగుతుంది, ప్రయోజనం రెండు మూడేళ్ల తరువాత నేల గుల్లబారినప్పుడు కనబడుతుంది. కౌలు రైతుకు మూడేళ్ల తరువాత ఆ పొలం తన చేతిలో ఉంటుందనే హామీ లేదు. నేల కోలుకున్న ఫలితం భూయజమానికి, నిలకడైన చెరకు సరఫరా కర్మాగారానికి, స్వచ్ఛమైన గాలి ఊరికి దక్కుతాయి. ఖర్చు మాత్రం కౌలు రైతు ఒక్కడిదే అవుతుంది.

సంస్థ జోక్యం అవసరమైనది సరిగ్గా ఇక్కడే. ట్రాష్ ష్రెడ్డర్ అని పిలిచే, ట్రాక్టరుతో నడిచే యంత్రాన్ని కర్మాగారమే కొని, నరికిన వెంటనే కటింగ్ ఆర్డర్ల వరుసలో రైతుల పొలాలకు పంపవచ్చు. కుళ్ళబెట్టే శిలీంధ్రాలను తన జీవ ప్రయోగశాల నుంచి ఉచితంగా అందించవచ్చు. చెత్త తగులబెట్టని తోటకు టన్నుకు కొంత ప్రోత్సాహకం చెల్లించవచ్చు. దాని ఫలితం భూయజమానికి కాక సాగుదారుకే చేరేలా చూడాలి.

మరొక హెచ్చరిక కూడా ఉంది. చెత్తను కట్టలు కట్టి బాయిలరు ఇంధనంగా కొనే పద్ధతి పొగను తగ్గిస్తుంది కాని, నేలకు చేరవలసిన కర్బనాన్ని దూరం చేస్తుంది. అందువల్ల కొంత చెత్తను నేలపైనే ఉంచడం, బాయిలరు బూడిదనూ మడ్డి కంపోస్టునూ అదే రైతుకు తిరిగి ఇవ్వడం ఒప్పందంలో భాగం కావాలి.

విత్తనం, నీరు, సస్యరక్షణ

సంప్రదాయ పద్ధతిలో ఎకరాకు 16,000 మూడు కళ్ల ముచ్చెలు, అంటే 48,000 కళ్లు నాటుతారు. ఇందుకు టన్నుల కొద్దీ చెరకు విత్తనంగా పోతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, డబ్ల్యూ.డబ్ల్యూ.ఎఫ్. ఉమ్మడి ప్రాజెక్టు 2009లో ప్రచారంలోకి తెచ్చిన సుస్థిర చెరకు సాగు పద్ధతిలో ఎకరాకు సుమారు 5,000 ఒంటి కన్ను మొలకలు సరిపోతాయి. ఎడం ఎక్కువ కావడం వల్ల అంతరపంటగా మినుము, పెసర వేయవచ్చు, డ్రిప్ అమర్చడం సులభం. నర్సరీ భారం రైతుపై వదలక కర్మాగారమే ఆరోగ్యకరమైన నారు పెంచి ఇస్తే ఎర్రకుళ్ళు, గడ్డిదుబ్బు వంటి విత్తనం ద్వారా వ్యాపించే తెగుళ్లను మూలంలోనే అరికట్టవచ్చు.

డెల్టాలో నీటి సమస్యకు రెండు ముఖాలు ఉన్నాయి. కాలువ చివరి భూములకు వేసవిలో నీటి ఎద్దడి, వర్షాకాలంలో మురుగు పారక ముంపు. కనుక ఇక్కడ నీటి పొదుపు ఎంత ముఖ్యమో మురుగు కాల్వల పూడికతీత అంతే ముఖ్యం. జంట వరుసల నాట్లు, ఒక బోదె విడిచి మరొక బోదెకు నీరు పెట్టడం వంటివి తక్కువ ఖర్చుతో చేయదగినవి.

పీక పురుగు, కణుపు తొలుచు పురుగులకు ట్రైకోగ్రామా గుడ్ల పరాన్నజీవి మంచి సాధనం. ఎకరాకు 20,000 చొప్పున పలు దఫాలుగా విడుదల చేయాలి. ట్రైకో కార్డులను ఒక రైతు ఒక్కడే కట్టితే ఫలితం తక్కువ. పక్క పొలంలో పురుగుమందు చల్లితే ఈ మిత్రజీవులు చనిపోతాయి. గ్రామం మొత్తాన్ని ఒకే వారంలో కదిలించగల శక్తి ఫీల్డు సిబ్బంది గల కర్మాగారానికే ఉంది.

కనబడని ఉద్గారం

విద్యార్థులు ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చు. ఒక ఎకరాకు 45 కిలోల నత్రజని వేశారనుకుందాం. వాతావరణ మార్పులపై అంతర్ ప్రభుత్వ సంఘం సూచించిన ప్రాథమిక గుణకం ప్రకారం అందులో సుమారు 1 శాతం నత్రజని నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. అంటే 0.45 కిలోల నత్రజని, వాయువుగా మార్చి లెక్కిస్తే సుమారు 0.7 కిలోల నైట్రస్ ఆక్సైడ్. నూరేళ్ల కాలానికి దీని ఉష్ణ ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. కనుక ఒక్క ఎకరా నుంచి సుమారు 190 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారం జరుగుతుంది. 10,000 ఎకరాల చెరకు కొనే కర్మాగారానికి ఇది దాదాపు 1,900 టన్నులు అవుతుంది. కర్మాగారం సొంత ఇంధనాన్నీ, కొన్న విద్యుత్తునూ లెక్కించే స్కోప్ 1, స్కోప్ 2 ఖాతాలలో ఇందులో ఒక్క కిలో కూడా కనిపించదు. స్కోప్ 3 ఖాతా తెరిస్తేనే బయటపడుతుంది.

సెబీ నిబంధనల ప్రకారం మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికను తప్పనిసరిగా సమర్పిస్తున్నాయి. ఆ పరిధిలోకి రాని చిన్న వ్యవసాయ సంస్థలకు కూడా ఈ లెక్క మేలు చేస్తుంది. నత్రజని వృథా తగ్గితే ఉద్గారంతో పాటు రైతు ఖర్చూ తగ్గుతుంది. ఇక సామాజిక బాధ్యత నిధుల విషయానికి వస్తే, సాధారణ వ్యాపారంలో భాగమైన పనులను ఆ పద్దులో చూపరాదని కంపెనీల నిబంధనలు చెబుతున్నాయి. చెరకు రైతుకు సుస్థిర సాగు నేర్పడం కర్మాగారానికి దానం కాదు. అది దాని వ్యాపారమే.

సకాల చెల్లింపు కూడా పర్యావరణ అంశమే

చెరకు నియంత్రణ ఉత్తర్వు, 1966 ప్రకారం చెరకు అందిన 14 రోజులలోగా ధర చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలి. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన న్యాయమైన, లాభదాయక ధర 10.25 శాతం రికవరీ వద్ద క్వింటాలుకు 355 రూపాయలు. దీనిని కేవలం ఆర్థిక అంశంగా చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. డబ్బు ఆలస్యమైన రైతు అప్పుపై ఎరువు కొంటాడు, కూలికి వెనుకాడి చెత్తకు నిప్పు పెడతాడు, చివరకు చెరకునే వదులుకుంటాడు. చెరకు దూరమైతే కర్మాగారం మరింత దూరం నుంచి లారీలలో ముడిసరుకు తెచ్చుకోవలసి వస్తుంది. గడ నరికిన తరువాత గంట గంటకూ చక్కెర శాతం తగ్గుతుంది. డీజిలు ఖర్చు పెరిగి రికవరీ పడిపోవడం ఆర్థికంగానూ పర్యావరణపరంగానూ నష్టమే. కాటా దగ్గర నమ్మకం లేనిచోట పొలంలో సుస్థిరత వేరూనదు.

ఇతర అనుభవాలు

బ్రెజిల్‌లోని సావో పాలో రాష్ట్రం 2002లో చేసిన చట్టంతో చెరకు తోటలను తగులబెట్టడాన్ని దశలవారీగా నిలిపివేయడం ప్రారంభించింది. 2007లో పరిశ్రమతో కుదిరిన అవగాహన ఆ గడువును యంత్రాలు నడిచే భూములకు 2014కు ముందుకు జరిపింది. పొగ తగ్గింది, కాని కోత యంత్రాల రాకతో చెరకు నరికే కూలీల ఉపాధి తగ్గింది. చిన్న కమతాల డెల్టాలో ఈ మార్గాన్ని యథాతథంగా అనుసరించరాదు. ఇక్కడ కూలీలకు చెత్త సర్దే పనికి వేరుగా వేతనం ఇచ్చే పద్ధతి మేలు.

ఈజిప్టులో ఇబ్రహీం అబులైష్ 1977లో కైరో సమీపాన ఎడారి భూమిలో ప్రారంభించిన సెకెమ్ సంస్థ కంపోస్టుతో నేలను బాగుచేసి, రైతులతో దీర్ఘకాల కొనుగోలు సంబంధాలు ఏర్పరచుకుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లాభాపేక్ష లేని కంపెనీగా ఏర్పరచిన రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయాన్ని మహిళా స్వయం సహాయక సంఘాల ద్వారా, సాగు చేస్తున్న రైతులనే శిక్షకులుగా నియమించి విస్తరిస్తున్నది. ఆంధ్రప్రదేశ్ ప్రజా భాగస్వామ్య ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం, నేల శాస్త్రవేత్త రతన్ లాల్, సెకెమ్ కలిసి 2024 గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని పంచుకోవడం గమనార్హం. సెకెమ్, రైతు సాధికార సంస్థల అనుభవంలో సామ్యం ఒకటే: మార్పును రైతుపై రుద్దక, రైతుతో కలిసి ఏళ్ల తరబడి నడిచారు.

సంస్థలు ఏటా నమోదు చేయదగిన కొలతలు

1. టన్ను చెరకుకు వాడిన మంచినీరు, విడిచిన వ్యర్థజలం.
2. కంపోస్టు యార్డు చుట్టూ ఉన్న బావులలో సీజనుకు ముందు, తరువాత నీటి నాణ్యత.
3. చెత్త తగులబెట్టని కార్శి విస్తీర్ణం. అందులో కౌలు రైతుల వాటా.
4. టన్ను చెరకు దిగుబడికి వాడిన నత్రజని కిలోలు.
5. ట్రైకో కార్డులు కట్టిన విస్తీర్ణం, తగ్గిన పురుగుమందు పిచికారీల సంఖ్య.
6. నరికిన సమయం నుంచి గానుగాడే వరకు పట్టిన గంటలు.
7. ధర చెల్లింపునకు పట్టిన సగటు రోజులు.
8. ఎంపిక చేసిన శాశ్వత పొలాలలో మూడేళ్లకొకసారి నేల సేంద్రియ కర్బనం.

ఇందులో సగం కొలతలు కర్మాగారం రిజిస్టర్లలో ఇప్పటికే ఉంటాయి. వాటిని ఒకచోట చేర్చి రైతులకు తెలుగులో చూపడమే మిగిలిన పని.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

కర్మాగారపు ఫీల్డు సిబ్బంది రైతును నిత్యం కలుస్తారు. విశ్వవిద్యాలయానికి శాస్త్ర ప్రమాణం ఉంది. ఈ రెంటినీ కలపడం కృషి విజ్ఞాన కేంద్రాల పని. ప్రతి సీజనుకు ముందు ఫీల్డు సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, చెత్త కప్పిన తోట, తగులబెట్టిన తోట పక్కపక్కనే ఉండేలా కనీసం మూడు కార్శిల పాటు ప్రదర్శన క్షేత్రాలు కొనసాగించడం అవసరం. ఒక్క ఏడాది ప్రదర్శన ఈ విషయంలో తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే మొదటి ఏడాదిలో ఖర్చే కనబడుతుంది. ప్రదర్శన ఫలితాలలో దిగుబడితో పాటు కూలి ఖర్చు, నీటి తడులు కూడా నమోదు చేయాలి. సంస్థ చెప్పిన లెక్కను స్వతంత్రంగా సరిచూసే బాధ్యత కూడా శాస్త్రవేత్తలదే.

ముగింపు

పిప్పి నుంచి విద్యుత్తు, మడ్డి నుంచి ఎరువు, స్పెంట్ వాష్ నుంచి పొటాష్ తీయడం డెల్టా పరిశ్రమకు తెలిసిన విద్యలే. ఇక మిగిలినది పొలం. కూచిపూడి పరిసరాలలో నరుకుడు ముగిసిన మరునాడు ఒక కౌలు రైతు తన తోట గట్టున నిలబడి చెత్తను ఏమి చేయాలని ఆలోచించే సమయంలో, కర్మాగారం ష్రెడ్డరు అక్కడికి చేరిందా, చెరకు డబ్బు ఖాతాలో పడిందా అన్నదే ఆ సంస్థ సుస్థిరతకు గీటురాయి. నివేదికలోని మిగతా అంకెలకు విలువ ఆ తరువాతే.